కొండ పరుగు మొదటిసారా? ఎక్కడంతో పాటు దిగడమూ నేర్చుకుని వెళ్ళండి

తెల్లవారుజామున విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఏ ఊరి రోడ్డు మీదికి వెళ్ళినా పరిగెత్తే కుర్రాళ్ళు కనబడతారు. ఆర్మీ ర్యాలీ కోసం కొందరు, పోలీసు ఉద్యోగం కోసం కొందరు. 1600 మీటర్లంటే ఏమిటో ఇక్కడ ప్రతి ఇంట్లోనూ తెలుసు. దాన్ని ఐదున్నర నిమిషాల్లో ముగించగల కుర్రాడొకడు పోయిన చలికాలం నాతో పాటు మొదటిసారి కొండ పరుగుకి వచ్చాడు. మొదటి కిలోమీటరులోనే మా అందరినీ దాటి, మలుపు తిరిగి కనబడకుండా పోయాడు. రెండో కిలోమీటరు దాటాక చూస్తే దారి పక్కన బండ మీద రెండు చేతులతో పిక్క పట్టుకుని కూర్చున్నాడు. "ఊపిరి ఆడట్లేదు మాస్టారూ, కాళ్ళు కూడా మాట వినట్లేదు" అన్నాడు.

మంచి దమ్మున్న పిల్లాడు. ట్రాక్ మీద నేర్చుకున్న లెక్కతో కొండెక్కాడు, కొండ లెక్క వేరు. ఆ లెక్క తెలియక మొదటి పందెంలోనే విరక్తి పుట్టి మళ్ళీ రాని వాళ్ళని చాలామందిని చూశాను. అందుకే ఇదంతా రాస్తున్నాను. ఆగకుండా 5 కిలోమీటర్లు నెమ్మదిగానైనా పరిగెత్తగలిగితే చాలు, పది పన్నెండు వారాల్లో మొదటి కొండ పందేనికి సిద్ధం కావచ్చు. అది ఇంకా చేతకాకపోతే ముందు అక్కడి దాకా రండి, కొండ ఎక్కడికీ పోదు.

పందెం ఎంత పెద్దదో ముందే లెక్కేసుకోండి

8 కిలోమీటర్లు అని రాసి ఉంటే "ఎనిమిదే కదా" అనిపిస్తుంది. కొండ పరుగులో కిలోమీటర్లు సగం సంగతే చెబుతాయి. మొత్తం మీద ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కాలన్నదే మిగతా సగం. రూట్ మ్యాప్‌తో పాటు ఆ అంకె కూడా ఇస్తారు. ఇవ్వకపోతే సిగ్గుపడకుండా అడగండి. కొండల్లో, మట్టి బాటల్లో పరిగెత్తే ట్రైల్ రన్నర్లు వాడే సులువైన లెక్క ఒకటుంది. ఎక్కే ప్రతి 100 మీటర్ల ఎత్తుకీ ఒక కిలోమీటరు కలుపుకోవాలి. 8 కిలోమీటర్ల దారిలో 400 మీటర్లు ఎక్కాలంటే మీ కాళ్ళకి అది 12 కిలోమీటర్ల పని.

వాలు కూడా చూసుకోండి. 3 కిలోమీటర్లలో 300 మీటర్లు ఎక్కితే 10 శాతం వాలు. మన ఊళ్ళలో రైల్వే ఓవర్‌బ్రిడ్జి వాలు సాధారణంగా 3 శాతం దరిదాపుల్లో ఉంటుంది. దాని మీద సైకిల్ తొక్కేటప్పుడే సీటు మీంచి లేవాల్సి వస్తుందంటే, దానికి మూడింతల వాలు ఎలా ఉంటుందో ఊహించుకోండి. కొండ పరుగులకి పేరుమోసిన బ్రిటన్‌లో, సగటున కిలోమీటరుకి 50 మీటర్లకి తగ్గకుండా ఎక్కే పందేన్ని అన్నిటికంటే కష్టమైన తరగతిలో పెడతారు, 25 నుంచి 50 మధ్య ఉంటే దాని కింది తరగతిలో. మొదటిసారికి ఈ రెండో రకం చాలు.

ఇంకో మూడు విషయాలు అడిగి తెలుసుకోండి. పందెం పైన ముగుస్తుందా, మళ్ళీ కిందికి దిగి రావాలా? తారురోడ్డా, మట్టి బాటా, మెట్లా, రాళ్ళ దారా? నీళ్ళు ఎక్కడెక్కడ ఇస్తారు, ఎంతసేపట్లో ముగించాలి? మొదటి ప్రశ్నకి వచ్చే జవాబును బట్టే మీ సాధన మారిపోతుంది. ఎందుకో కింద చెబుతాను.

కిడ్నీల సంగతి వదిలేయొద్దు

ఇది మన ప్రాంతం వాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో, అంటే ఉద్దానంలో, కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్ళని కూల్చిందో మనకి ఒకరు చెప్పక్కర్లేదు. బీపీ, షుగర్ లేని వాళ్ళకి కూడా వస్తోంది, కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. మొదట్లో ఏ నొప్పీ ఉండదు. ఎండలో గంటల తరబడి చెమట కారుస్తూ, నీళ్ళు చాలక పరిగెత్తడం కిడ్నీలకి భారం. కాబట్టి మీది ఉద్దానమైనా, మీ ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బున్నా, సాధన మొదలుపెట్టే ముందు సీరం క్రియాటినిన్ అనే రక్త పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకుని డాక్టరుకి చూపించండి. చిన్న పరీక్షే.

ఇంకో మాట. పరుగుకి ముందు "నొప్పులు రాకుండా" ఒక మాత్ర వేసుకునే అలవాటు కుర్రాళ్ళలో చూస్తున్నాను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి వెళ్ళే రక్తాన్ని ఇంకా తగ్గిస్తాయి. పందేనికి ముందు వద్దు, మధ్యలో వద్దు, అయిపోయిన వెంటనే కూడా వద్దు. ఈ విషయంలో నేనెవరితోనూ రాజీపడను.

నలభై దాటిన వాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, మెట్లెక్కితే ఛాతీలో బరువుగా అనిపించే వాళ్ళు కూడా ముందు డాక్టర్ని కలవాలి.

సాధనకి కొండ ఎక్కడ?

విజయనగరం వాళ్ళకి దగ్గరలో రామతీర్థం కొండలున్నాయి. బోడికొండ, గురుభక్తుల కొండ, దుర్గకొండ. బౌద్ధుల, జైనుల ఆనవాళ్ళున్న చోటు, రాముడి క్షేత్రం. ఎస్.కోట (శృంగవరపుకోట) వైపు వాళ్ళకి పుణ్యగిరి. శ్రీకాకుళం వాళ్ళకి వంశధార ఒడ్డున శాలిహుండం. వ్యావహారిక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారే 1919లో అక్కడి బౌద్ధ స్తూపాల జాడని వెలుగులోకి తెచ్చారు. కొండ పెద్దదేమీ కాదు, కానీ పైనుంచి నది, దూరాన సముద్రం కనబడుతుంటే మళ్ళీ మళ్ళీ ఎక్కబుద్ధేస్తుంది. ఇవన్నీ పూజించే చోట్లు, కాపాడుకోవాల్సిన కట్టడాలు. భక్తులు నడిచే మెట్ల మీద వాళ్ళని తోసుకుంటూ పరిగెత్తకండి. జనం లేని వేళ వెళ్ళండి, గుడి ముందు వేగం తగ్గించండి, స్తూపాల ఇటుకల మీద కాలు పెట్టకండి.

దగ్గరలో కొండ లేకపోతే చెరువు గట్టు ఉంది. ఒక పెద్ద చెరువు గట్టుని పక్కనుంచి ఎక్కి దిగితే పది పదిహేను సెకన్ల నిటారు పని దొరుకుతుంది. ఓవర్‌బ్రిడ్జి, స్టేడియం మెట్లు, మూడంతస్తుల మేడ మెట్లు కూడా పనికొస్తాయి. అనంతగిరి మీదుగా అరకు వెళ్ళే ఘాట్ రోడ్డు మీద మాత్రం సాధన వద్దు. మలుపుల్లో వచ్చే బస్సుకి మీరు కనబడరు. 1501 మీటర్ల మహేంద్రగిరి కూడా ఇప్పుడే వద్దు, అది తర్వాత్తర్వాత.

ఉద్దానం జీడితోటల్లో, మందస వైపు కొండల్లో ఎలుగుబంట్లు తిరుగుతాయి. మనుషుల మీద పడి ప్రాణాలు తీసిన సంఘటనలున్నాయి. చీకట్లో, మసక వెలుతురులో ఆ దారుల్లో పరిగెత్తకండి. తెల్లారాక, ఇద్దరు ముగ్గురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్ళండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం అని వార్త వస్తే రెండు మూడు రోజులు కొండ జోలికే పోకండి. వాన వెలిసినా పైనుంచి గెడ్డలు (వాగులు) ఒక్కసారిగా పొంగుతాయి, బండలకి పాచి పడుతుంది.

పది పన్నెండు వారాలు ఎలా గడపాలి

మన క్యాలెండరుతో చెబితే, దసరా తర్వాత విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం అయిన వారం మొదలుపెడితే సంక్రాంతి దరిదాపుల్లో జరిగే పందేనికి సరిపోతుంది. వారానికి నాలుగు రోజుల పరుగు చాలు, మిగతా రోజుల్లో నడక, విశ్రాంతి.

మొదటి మూడు వారాలు కొండ వైపు పెద్దగా వెళ్ళొద్దు. మూడు రోజులు చదునుగా, మాట్లాడుకుంటూ పరిగెత్తగల వేగంతో 30 నుంచి 45 నిమిషాలు. నాలుగో రోజు అదే పరుగు చివర గట్టు మీదికో ఓవర్‌బ్రిడ్జి మీదికో 20, 30 సెకన్ల చొప్పున ఆరుసార్లు ఎక్కండి, నడుస్తూ దిగండి. పిక్కలూ, మడమ వెనక నరమూ ఈ పనికి అలవాటు పడటానికే ఈ మూడు వారాలు. తొందరపడితే ఆ నరమే వాచి నెల రోజులు కూర్చోబెడుతుంది.

నాలుగో వారం నుంచి అసలు పని. వారంలో ఒక రోజు 2, 3 నిమిషాల పాటు ఆగకుండా ఎక్కే వాలు చూసుకుని నాలుగుసార్లతో మొదలుపెట్టి ఆరుసార్ల దాకా వెళ్ళండి. ఒకటోసారికీ ఆఖరిసారికీ పట్టిన సమయం దాదాపు ఒకేలా ఉండాలి. మొదటిది 2 నిమిషాలకీ ఆఖరిది 3 నిమిషాలకీ వచ్చిందంటే మొదట్లో తొందరపడ్డారన్నమాట. ఆదివారం నిజమైన కొండకి వెళ్ళి గంట నుంచి గంటన్నర, ఎక్కుతూ, నడుస్తూ, దిగుతూ గడపండి. ఆ రోజు వాచీలో వేగం చూడకండి. మొత్తం ఎత్తు మాత్రం వారం వారం కొద్దికొద్దిగా పెంచుతూ, పందేనికి మూడు వారాల ముందుకి పందెంలో ఎక్కాల్సిన దానిలో ముప్పావు వంతైనా ఒకే రోజు ఎక్కి ఉండాలి. అసలు పని మొదలైన దగ్గర్నుంచి లెక్కేసి ప్రతి నాలుగో వారం పని మూడో వంతు తగ్గించండి.

ఆఖరి పది రోజులు తగ్గించుకుంటూ రావడమే. అప్పుడు చేసే పని కాళ్ళకి బలం ఇవ్వదు, అలసట మాత్రం ఇస్తుంది. చాలామందికి సరిగ్గా అప్పుడే టెన్షన్ పుట్టి ఇంకో కొండెక్కుదామనిపిస్తుంది. ఆగండి.

పరిగెత్తని రోజుల్లో రెండు రోజులు బస్కీలు తీయండి. వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో వ్యాయామం నేర్పిన కోడి రామ్మూర్తి నాయుడు గారి గడ్డ ఇది, బస్కీలు మనకి కొత్త కాదు. ఒక్క మార్పు చేయండి. కిందికి దిగేటప్పుడు మనసులో నాలుగంకెలు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా దిగి, మామూలుగా లేవండి. 12 చొప్పున మూడుసార్లు. తర్వాత మెట్టు అంచున ఒంటికాలి మునివేళ్ళ మీద నిలబడి మడమని పైకి లేపుతూ, నెమ్మదిగా కిందికి దించుతూ, కాలికి 15 చొప్పున మూడుసార్లు. ఖర్చు లేదు, పావుగంటలో అయిపోతుంది.

ఎక్కేటప్పుడు

కొండ మీద వేగాన్ని వాచీతో చూడొద్దు, ఊపిరితో చూసుకోవాలి. మా పిల్లలకి నేను చెప్పే పరీక్ష రెండో ఎక్కం. పరిగెత్తుతూ పైకి అనండి: "రెండొకట్ల రెండు, రెండు రెళ్ళ నాలుగు, రెండు మూళ్ళ ఆరు." ఈ మూడూ ఒక్క ఊపిరిలో వస్తే వేగం సరిగ్గా ఉంది. రెండో మాట దగ్గరే తెగిపోతుంటే ఎక్కువ వెళ్తున్నారు, తగ్గించండి. పందెం సగం దాటేదాకా ఈ పరీక్షలో తప్పకూడదు. ఆఖరి పావు వంతులో ఎక్కం రాకపోయినా ఫర్వాలేదు.

అడుగులు చిన్నవి వేయాలి. చదును మీద వేసేదానిలో సగం అనుకోండి, కానీ త్వరత్వరగా. నడుము దగ్గర వంగిపోతే ఊపిరితిత్తులకి చోటుండదు. వంగితే చీలమండ దగ్గర్నుంచి ఒళ్ళంతా ఒకే గీతలా ముందుకి వాలాలి. చూపు మూడు నాలుగు మీటర్ల ముందుండాలి. శిఖరం వైపు చూడకండి, అది దగ్గరకి రాదు, మనసు మాత్రం చితికిపోతుంది. చేతుల్ని వెనక్కి బలంగా విసిరితే కాళ్ళు వాటి వెంటే వస్తాయి.

నడవడానికి నామోషీ పడొద్దు. వాలు బాగా నిటారైనప్పుడు పరిగెత్తే వాడూ గట్టిగా నడిచే వాడూ పక్కపక్కనే వెళ్తుంటారు, పరిగెత్తే వాడికి మాత్రం ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. గెలిచే వాళ్ళు కూడా నిటారు వాలులో నడుస్తారు. ఆ నడకకీ ఒక పద్ధతుంది. అరచేతులు మోకాలికి కాస్త పైన తొడ మీద ఆనించి, అడుగు వేసిన కాలిని చేత్తో కిందికి నొక్కుతూ లేవాలి. వీలున్న చోట మడమ నేలకి తాకనివ్వండి. ఎప్పుడూ మునివేళ్ళ మీదే ఎక్కితే పిక్కలు పట్టేస్తాయి. ఎప్పుడు పరుగు, ఎప్పుడు నడక అన్నది అలసటకి వదిలేయకుండా ముందే తేల్చుకోండి. 30 అడుగులు పరుగు, 30 అడుగులు నడక అని లెక్క పెట్టుకుంటే మనసుకి కూడా ఒక పని దొరుకుతుంది. ఎత్తు ముగిసిన చోట ఆగి ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది. ఆగకుండా ఇంకో ఇరవై అడుగులు నెమ్మదిగా వేస్తే ఊపిరి అదే సర్దుకుంటుంది.

దిగేటప్పుడు

నా మొదటి పందెం ఆరేళ్ళ కిందట. మూడు నెలలు ఎక్కడమే సాధన చేశాను. అనుకున్న దానికంటే ముందే పైకి చేరాను. ఇక దిగడమే కదా అనుకున్నాను. దిగడం మొదలుపెట్టిన రెండో కిలోమీటరులో తొడలు వణకడం మొదలైంది. కాలు వేస్తే మోకాలు తనంతట తనే మడత పడుతోంది. ఊపిరి హాయిగా ఉంది, ఒంట్లో సత్తువ ఉంది, తొడలు లేవు. మిగిలిన దూరమంతా రాళ్ళు పట్టుకుంటూ దిగాను. తర్వాత మూడు రోజులు మెట్లు వెనక్కి తిరిగి దిగాల్సి వచ్చింది.

ఎందుకలా అయిందంటే, ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ, పడిపోయే ఒంటిని పట్టి ఆపాలి. బావిలోంచి నీళ్ళు చేదడం ఒకటి, నిండు బిందెని తాడు జారిపోకుండా నెమ్మదిగా కిందికి వదలడం ఇంకొకటి. అలవాటు లేని కండరం ఆ రెండో పనిలో లోలోపల చిట్లుతుంది. నొప్పి ఆ రోజు పెద్దగా తెలియదు, రెండో రోజు, మూడో రోజు తెలుస్తుంది. మంచి సంగతేమిటంటే ఒక్కసారి కొద్దిగా ఆ పని రుచి చూపిస్తే కండరం నేర్చుకుంటుంది. ఆ తర్వాత కొన్ని వారాల దాకా అదే పనికి అంతగా దెబ్బ తినదు.

అందుకే నాలుగో వారం నుంచి దిగడానికి విడిగా ఒక పూట ఇవ్వండి. 5 నుంచి 8 శాతం వాలున్న, రాళ్ళు లేని మట్టి బాట చూసుకుని, 200 మీటర్లు నడిచి ఎక్కి, పరిగెత్తుతూ దిగండి. మొదటి వారం నాలుగుసార్లు, తర్వాత ఆరు, తర్వాత ఎనిమిది. ఆ పైన నిటారు వాలుకి, రాళ్ళున్న బాటకి మారండి. పందేనికి 12 రోజుల ముందు గట్టిగా దిగే సాధన ఆపేయండి. పందెం పైనే ముగిసేదైతే ఈ పని సగం చాలు, కిందికి దిగి వచ్చేదైతే ఇదే అన్నిటికంటే ముఖ్యం.

ఎలా దిగాలో నాకు నేర్పింది పరిగెత్తే వాళ్ళెవరూ కాదు. నెల్లిమర్ల వైపు ఒక చిన్న కొండ మీద సాధన చేస్తుంటే, నెత్తి మీద కట్టెల మోపుతో ఒకావిడ పైనుంచి వస్తోంది. నేను కాళ్ళు బిగబట్టి, మడమలు తన్నుతూ దిగుతున్నాను. పక్కకి తప్పుకుంటే నన్ను చూసి ఆగింది. "అలా బిగిసిపోయి దిగితే జారిపోతావు బాబూ. మోకాలు ఒదిలీ" అంది. "ఎలా అప్పా?" అన్నాను. ఏమీ చెప్పకుండా దిగడం మొదలుపెట్టింది. నేను ఆవిడ పాదాలే చూస్తూ వెనక నడిచాను. మోకాళ్ళు ఎప్పుడూ కాస్త మడిచే ఉన్నాయి. అడుగు జానెడు, మూరెడు, అంతకంటే లేదు. మడమ ముందు గుద్దుకోవడం లేదు, అరికాలంతా ఒకేసారి నేల మీద వాలుతోంది. ఒక రాయి కదిలింది. ఆవిడ తడబడలేదు, బరువు పూర్తిగా దాని మీద పడక ముందే రెండో కాలు ఇంకో చోట ఉంది. నెత్తి మీద మోపు మాత్రం కదల్లేదు.

కొండ దిగడంలో నేర్చుకోవాల్సిందంతా ఆ నడకలో ఉంది. మోకాలు మడిచి, చిన్న అడుగులు త్వరగా వేస్తూ, పాదం ఒంటి కిందే పడేలా చూసుకోండి. భయంతో వెనక్కి వాలితే మడమ ముందు పడి జారుతుంది. ముక్కు పాదాల కంటే వెనక్కి పోకూడదు. చేతులు కొంచెం విడిగా చాచి ఉంచండి, బ్యాలెన్స్ వాటిదే. చూపు ఇప్పుడు పెట్టే కాలి మీద కాదు, రెండు మూడు అడుగుల తర్వాత పెట్టబోయే చోటు మీద ఉండాలి. బండ మీద సన్న మొరం ఉన్న చోట ఆవాలు చల్లిన గచ్చు మీద నడిచినట్టే. అక్కడా, మంచుకి తడిసిన పాచి బండల మీదా పరుగు ఆపి నడవండి. డిసెంబరు ఉదయాల్లో ఎండ తగిలేదాకా ఆ తడి ఆరదు. నాలుగు సెకన్లు ఆదా చేయబోతే నాలుగు నెలల కట్టు పడుతుంది.

బూట్లు, బట్టలు

మట్టి, రాళ్ళ దారికి అడుగున పళ్ళున్న ట్రైల్ షూ కొనుక్కోవడం మంచిది. తారురోడ్డు, మెట్ల పందేనికి మామూలు రన్నింగ్ షూ చాలు. సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బినప్పుడు, పరుగుకి వేసుకునే మేజోళ్ళతోనే కొలత చూసుకోండి. ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్ళు బూటుకి గుద్దుకుని నల్లబడతాయి. పందేనికి రెండు రోజుల ముందు కాలిగోళ్ళు తీసుకోండి. లేసుని ఆఖరి రంధ్రం దాకా ఎక్కించి చీలమండ దగ్గర బిగిస్తే పాదం ముందుకి జారదు. కొత్త బూట్లతో పందేనికి వెళ్ళకండి, కనీసం నాలుగైదు సార్లు కొండ మీద వాడి ఉండాలి. నూలు బనీను చెమటకి బరువెక్కి ఒళ్ళంతా ఒరుసుకుంటుంది, పాలిస్టర్ టీషర్టు మేలు. తొడల మధ్య, చంకల్లో కొబ్బరినూనె రాసుకోండి.

తిండి, నీళ్ళు

ముందు రోజు రాత్రి ఇంట్లో తినే అన్నం, పప్పు, కూరే తినండి. నూనె, మసాలా తగ్గించండి, మాంసం ఆ రాత్రికి వద్దు. పొద్దున్న పందేనికి రెండు రెండున్నర గంటల ముందు మూడు నాలుగు ఇడ్లీలో, అరటిపండు, కాస్త బెల్లం వేసుకున్న చోడి (రాగి) అంబలో తీసుకోండి. ఏదైనా సరే, ఆదివారం సాధనలో ముందే తిని చూసి ఉండాలి. అంబలి కొందరికి హాయి, కొందరికి పరుగులో కడుపులో కదులుతుంది.

సముద్రం దగ్గర గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. అందుకే చలికాలంలో కూడా మన వైపు ఒంట్లో వేడి పెరిగిపోతుంది. గంట లోపు పందెమైతే నీళ్ళు చాలు. గంట దాటితే గంటకి సుమారు అర లీటరు, దాహాన్ని బట్టి కొంచెం అటూ ఇటూగా, గుక్కగుక్కగా తాగండి. అందులో ఓఆర్ఎస్ కలుపుకోండి. లీటరు ప్యాకెట్‌ని పూర్తి లీటరు నీళ్ళలోనే కలపాలి, సగం నీళ్ళలో కలిపి చిక్కగా తాగడం తప్పు. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ చెంచా అంచుకి సమంగా. దాహం లేకపోయినా లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే, రక్తంలో ఉప్పు పలచబడిపోతుంది.

పందెం రోజు

గంట ముందే చేరండి. జేబులో ఫోను, ఇంటి వాళ్ళ నంబరు రాసిన చీటీ, ఒక ఈల పెట్టుకోండి. పావుగంట నడక, నెమ్మది పరుగు, చివర్లో రెండుసార్లు చిన్న వాలు ఎక్కడం. చలి కాళ్ళతో నేరుగా కొండెక్కితే మొదటి ఐదు నిమిషాల్లోనే ఊపిరి తన్నుకొస్తుంది.

గుంపులో మధ్యకి వెనకగా నిలబడండి. ఈల వేయగానే అందరూ ఎగబడతారు. పోనివ్వండి. మొదటి పది నిమిషాలు రెండో ఎక్కం చెప్పుకుంటూ వెళ్ళండి. అప్పుడు మిమ్మల్ని దాటిన వాళ్ళలో సగం మంది పై వాలులో మీకు ఎదురు చూస్తూ ఉంటారు. బాట సన్నగా ఉన్న చోట వెనక నుంచి ఎవరైనా "కుడి" అని అరిస్తే ఎడమకి తప్పుకోండి, మీరు దాటాలన్నా అలాగే ముందుగా చెప్పండి. ఎక్కే దారిలోనే దిగడం ఉంటే, పైనుంచి వేగంగా వచ్చే వాళ్ళకి దారివ్వండి.

మేకలు, ఆవులు, మోపులు మోసుకొచ్చే ఆడవాళ్ళు ఎదురైతే ఆగి వాళ్ళని పోనివ్వాలి. ఆ బాట వాళ్ళ రోజువారీ దారి, మనం ఒక పూట వచ్చిన వాళ్ళం. బిస్కెట్ కాగితం, నీళ్ళ సీసా మూత జేబులోనే కిందికి రావాలి.

ఎవరైనా పడిపోతే మీ పందెం అక్కడితో ఆగిపోయినట్టే, ఆగండి. తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది వడదెబ్బ కావచ్చు. నీడకి చేర్చి, ఒంటి మీద నీళ్ళు పోసి విసురుతూ 108కి ఫోన్ చేయండి. మెలకువ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి. పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ వద్దు. కాలు కదల్చనివ్వకుండా మోసుకొచ్చి నేరుగా ఆసుపత్రికి చేర్చండి. మీకే ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, ఎండలో చలి పుట్టడం అనిపిస్తే అక్కడే ఆగి మనిషిని పిలవండి.

పైకి చేరాక ఒక నిమిషం ఊపిరి కూడదీసుకుని, రెండు గుక్కలు తాగి, లేసు ఇంకోసారి బిగించుకుని దిగండి. మొదటి 200 మీటర్లు కావాలనే నెమ్మదిగా దిగితే ఎక్కే పని నుంచి దిగే పనికి కాళ్ళు మారతాయి.

తర్వాత

గీత దాటగానే కూలబడిపోకండి, పది నిమిషాలు నడవండి. తడి టీషర్టు మార్చుకోండి. గంట లోపు ఏదో ఒకటి, ఉప్మా అయినా అన్నం అయినా, కడుపు నిండా తినండి. ఆ సాయంత్రం, మర్నాడు మూత్రం రంగు చూసుకోండి. లేత పసుపైతే సరే. నీళ్ళు తాగినా టీ డికాక్షన్ రంగులోనే వస్తుంటే, లేదా అసలు రాకపోతే, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళండి. చిట్లిన కండరంలోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీల మీద పడి ఉండొచ్చు.

తొడలు రెండో రోజు ఎక్కువ నొప్పిగా ఉంటాయి. గోరువెచ్చని నీళ్ళ స్నానం, చదును మీద అరగంట నడక, మంచి నిద్ర సరిపోతాయి. గట్టిగా పిసికించుకోవడం ఆ రెండు రోజులు వద్దు. నాలుగో రోజో, ఐదో రోజో ఇంటి మెట్లు చెయ్యి ఆనించకుండా, ముందుకి చూస్తూ దిగి చూడండి. నొప్పి లేకుండా దిగగలిగితే మర్నాడు పొద్దున్న చదును రోడ్డు మీద 20 నిమిషాలు పరిగెత్తొచ్చు. దిగలేకపోతే ఇంకో రెండు రోజులు నడకే. మళ్ళీ కొండకి మాత్రం రెండు వారాల తర్వాతే.